పైథాన్-డాక్స్: పత్రాల్లో బొమ్మలు చేర్చే విధానం

పైథాన్-డాక్స్ అనేది వర్డ్ పత్రాలను ప్రోగ్రాముతో తయారుచేసే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఇందులో బొమ్మను చేర్చే ఆదేశం యాడ్_పిక్చర్. వర్డ్ పత్రాన్ని దాచే డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. లైబ్రరీ బొమ్మను అందులోని మీడియా ఫోల్డరులో ఉంచి, పాఠం ఉన్న ఎక్స్‌ఎంఎల్‌లో దాని గుర్తింపు మాత్రమే రాస్తుంది. అందుకే ఒకే లోగోను ప్రతి పేజీలో పెట్టినా ఫైలులో ఒక్క ప్రతే ఉంటుంది. బొమ్మ కొలతలు అంగుళానికి 9,14,400 యూనిట్లు, సెంటీమీటరుకు 3,60,000 యూనిట్ల చొప్పున పూర్ణాంకాల్లో నమోదవుతాయి. వెడల్పు ఒక్కటే ఇస్తే ఎత్తును లైబ్రరీయే లెక్కగట్టి, బొమ్మ సాగిపోకుండా చూస్తుంది.

ఈ ఆదేశంతో చేర్చిన బొమ్మ వాక్యంలో ఒక పెద్ద అక్షరంలా కూర్చుంటుంది. దాని చుట్టూ పాఠం పారదు. దీన్ని లోపమనేవారున్నారు. పత్రికల పేజీలాంటి కూర్పు కావాలనుకునేవారికి ఆ మాట నిజమే. కానీ ప్రోగ్రాముతో పుట్టే నివేదికలో ఏ పేరా ఎంత పొడవుంటుందో ముందే తెలియదు. పేజీలో ఒకచోట బిగించిన బొమ్మ తన వివరణకు దూరమైపోవచ్చు. వాక్యంలో ఉన్న బొమ్మ పాఠంతోపాటే జరుగుతుంది. బొమ్మ, పాఠం పక్కపక్కన కావాలంటే పట్టికలోని గడి చాలు. కాబట్టి ఇది సరైన ఎంపికే. అసలు వెలితి మరొకటి: చూపులేని పాఠకులకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వివరణను చేర్చడానికి యాడ్_పిక్చర్‌లో చోటే లేదు. ఎక్స్‌ఎంఎల్‌లోని డాక్‌పీఆర్ అంశం వెతికి, దాని డెస్క్ర్ లక్షణంలో ఆ వివరణను విడిగా కోడుతో రాయాలి. వేల పత్రాలు తయారుచేసే కార్యాలయం ఈ ఒక్క కోడు వరుసను తప్పనిసరి చేసుకోవాలి.