సీడెడ్ అంటే విత్తనం కాదు

కొత్త సినిమా వచ్చిన రెండో రోజు కడపలో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "నైజాం సరే, సీడెడ్‌లో ఎంతొచ్చిందంటన్నా?" చిన్నప్పుడు నేను ఇందులో ఉన్నది విత్తనమే అనుకునేవాణ్ణి. మా ఇంట్లో శనక్కాయ విత్తనాల సంచుల మీద సీడ్స్ అని ఉండేది మరి.

ఇది వేరే సీడ్. లాటిన్‌లో 'కేదెరే' అంటే నడవడం, పక్కకు జరగడం, దారి వదలడం. ఇంగ్లీషులో అది హక్కు వదులుకుని ఇంకొకరికి అప్పజెప్పడం అయింది. మనం రోజూ వాడే సక్సెస్, ప్రాసెస్ దీని తోబుట్టువులే.

ఈ మాట మన నేలకు తగులుకున్నది 1800 అక్టోబరులో. టిప్పు సుల్తాను మీద యుద్ధాల్లో కంపెనీ పక్షాన నిలిచినందుకు 1792లో కొంత, 1799లో కొంత సీమ నిజాముకు వాటాగా వచ్చింది. తన రాజ్యంలో ఉన్న కంపెనీ పటాలాల ఖర్చు ఆయనే భరించాలి. డబ్బుకు బదులు ఆ సీమనే రాసిచ్చేశాడు, బాకీ కింద చేను రాసిచ్చినట్టు. చేనును ఎవరడుగుతారు? కంపెనీ కాగితాల్లో అవి 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అయ్యాయి. 1807 దాకా థామస్ మన్రో వాటికి కలెక్టరు. కర్నూలు కథ కొంచెం వేరు. అక్కడ నవాబు కట్టే కప్పం మాత్రమే చేతులు మారింది. ఊరు నవాబు కిందే ఉండింది. 1839లో కంపెనీ దాన్ని నేరుగా కలిపేసుకుంది. అది ఇచ్చింది కాదు, లాక్కున్నది.

తెలుగులో వీటిని దత్తమండలాలు అన్నారు. నన్ను గుచ్చేది ఈ అనువాదమే. ఇంగ్లీషు మాటలో ఇచ్చినవాడు వెనక్కి తగ్గిన అడుగుల చప్పుడన్నా ఉంది. దత్తంలో అదీ లేదు, ప్రేమగా దానం చేసినట్టుంటుంది. బాకీ సంగతి ఎక్కడా కనపడదు. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించాక దత్తమండలం మెల్లగా పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది.

సీడెడ్ మాత్రం పోలేదు. సినిమా వ్యాపారం దాన్ని పట్టుకుని కూర్చుంది. ఇచ్చిన నైజామూ, ఇచ్చేసిన సీడెడూ నేటికీ కలెక్షన్ల పట్టికలో పక్కపక్కనే ఉంటాయి. ఆ ఒప్పందంలో పోయిన బళ్ళారి 1953లో మైసూరు వైపు వెళ్ళింది. ఉత్తర ఆర్కాటులో ఉండిన తిరుపతిని నిజాము ఎవరికీ ఇయ్యనే లేదు. అయినా ట్రేడు లెక్కల్లో అదీ సీడెడే.