నేల దిగితే చెప్పే రాడార్‌

పలాస: కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీరాల్లో కెరటం ముందుకు వస్తే సముద్రమే పెరిగిందనుకోవడం సహజం. నేల కుంగినా కంటికి కనిపించేది అదే. విశాఖపట్నం రేవులోని ఆటుపోట్ల కొలమానం సైతం ఈ రెండింటినీ విడదీయలేదు. అది నిలిచిన నేల దిగితే నీరు పెరిగినట్టే నమోదవుతుంది. సముద్రంతో నిమిత్తం లేకుండా నేల కదలికను మాత్రమే మిల్లీమీటర్ల లెక్కన చెప్పగల పద్ధతి ఉపగ్రహ రాడార్‌ వ్యతికరణ మాపనం. నిపుణులు దీనిని క్లుప్తంగా ఇన్‌సార్‌ అంటారు.

ఉపగ్రహం పంపిన రాడార్‌ తరంగం నేలను తాకి తిరిగి వస్తుంది. కొన్ని రోజుల తర్వాత ఉపగ్రహం అదే దారిన వచ్చి అదే చోటును మళ్లీ చూస్తుంది. ఈలోగా నేల దిగి ఉంటే తరంగం ప్రయాణించే దూరం పెరిగి దాని దశ మారుతుంది. ఆ తేడాను రంగుల వలయాలుగా చిత్రిస్తారు. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్‌-1 వాడే తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. రానుపోను దూరం కనుక ఒక్కో వలయం 2.8 సెంటీమీటర్ల కదలికకు గుర్తు. 1992లో కాలిఫోర్నియాలో సంభవించిన లాండర్స్‌ భూకంపాన్ని ఇలా చిత్రించి 1993లో ప్రకటించడంతో ఈ పద్ధతికి పేరు వచ్చింది. జోషీమఠ్‌లో 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్ల కుంగుబాటు ఉందని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రం 2023 జనవరిలో చెప్పింది ఉపగ్రహ చిత్రాలను బట్టే. ఆ నివేదికను తర్వాత వెబ్‌సైటు నుంచి తొలగించారు.

కొబ్బరి తోటలే అడ్డంకి

ఉద్దానంలో అసలు చిక్కు తోటలతోనే. పొట్టి తరంగం చాలావరకు కొబ్బరి మట్టలు, జీడిమామిడి ఆకుల నుంచే వెనుదిరుగుతుంది. ఆకు ఊగినా, చిగురు వేసినా దశ చెదిరి పోలిక కుదరదు. ఖరీఫ్‌లో నీరు నిలిచిన వరి మళ్లలోనూ ఇంతే. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తోటలను నేలకూల్చింది. ఆ తేదీకి ముందూ వెనుకా తీసిన చిత్రాలను జత చేసినా తోటల కింది నేల సంగతి తెలియదు. పలాస-కాశీబుగ్గ భవనాలు, రైల్వే కట్టడాలు, టెక్కలి వైపు కదలని బండలు మాత్రం నమ్మదగిన ప్రతిధ్వని ఇస్తాయి.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల ఉమ్మడి ఉపగ్రహం నైసార్‌ ఈ లోటును కొంత తీర్చగలదు. దాని ఎల్‌-బ్యాండ్‌ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు. ఆకులను దాటి నేలను చేరగలదు. 12 రోజులకొకసారి అదే దారిన వస్తుంది. అయితే ఒక వలయం 12 సెంటీమీటర్లకు సమానం కనుక సన్నని కదలికను పట్టడంలో అంత చురుకు కాదు.

రాడార్‌ నిటారుగా కాక పక్కకు వాలి చూస్తుందన్నది మరువరాదు. ఉత్తరానికి వెళ్తూ, దక్షిణానికి వస్తూ తీసిన చిత్రాలను కలిపితేనే నిలువు కదలిక వేరుపడుతుంది. ఒక్క జతను నమ్మి ఊరు కుంగిందనడం తొందరపాటు. గాలిలో తేమ తరంగాన్ని ఆలస్యం చేసి, లేని కుంగుబాటును చూపగలదు. బంగాళాఖాతం ఒడ్డున ఈ పొరపాటు చిన్నది కాదు. పదుల సంఖ్యలో చిత్రాలను పోల్చాలి, నేలపై జీపీఎస్‌ కేంద్రంతో సరిచూడాలి.

ఈ తీరంలో దీని అవసరం ముందుగా కనిపించేది సంతబొమ్మాళి మండలం మూలపేటలో. అక్కడి ఓడరేవుకు 2023 ఏప్రిల్‌ 19న శంకుస్థాపన జరిగింది. రేవుల్లో పూడ్చిన నేల, రాతి గట్లు కొన్నేళ్లపాటు సర్దుకుంటూ దిగడం మామూలే. పక్క గ్రామాల ఒడ్డు కోతకు గురైతే కారణం కుంగుబాటా, ఇసుక కదలికా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. రాతి గట్టు రాడార్‌కు చక్కని గురి. ఉచితంగా లభించే సెంటినెల్‌ చిత్రాలు 2014 నుంచి ఉన్నందున శంకుస్థాపనకు ముందటి నేలతో పోల్చి చూసే వీలుంది.