సంఘ పుస్తకమునుండి కొట్టివేయబడిన తీర్పు

శతవార్షికోత్సవ సమయమున పాత సంఘ రిజిస్టర్లు తెరచి చూచుకొనుట మనకు సంతోషము. కట్టిన ఆలయములు, సేవచేసిన గురువులు, బాప్తిస్మము పొందిన కుటుంబములు అందులో కనబడును. అయితే సంఘము తన బిడ్డకు చేసిన అన్యాయము కూడ ఆ పుస్తకములోనే ఉన్నయెడల ఏమి చేయవలెను? అమెరికాలో ఒక సంఘమునకు ఈ ప్రశ్న ఎదురైనది. దానికి కారణమైన వృద్ధురాలిని ఇచ్చట జ్ఞాపకము చేసికొందము.

ఆమె పేరు రెబెక్కా నర్సు. మన బైబిలులో రిబ్కా అని చదువుకొను పేరే అది. 1621లో ఇంగ్లండులోని గ్రేట్ యార్మత్‌లో బాప్తిస్మము పొంది, తరువాత ఆంగ్లేయుల వలసరాజ్యమైన మసాచుసెట్సు చేరినది. భర్త ఫ్రాన్సిస్ కొయ్య పళ్లెములు, పాత్రలు చేయు పనివాడు. వారికి ఎనమండుగురు బిడ్డలు. సేలం గ్రామములో సేద్యము చేసికొనుచుండిరి. ఆమె సేలం పట్టణ సంఘములో పూర్ణ సభ్యురాలు.

1692 ఆరంభములో ఆ గ్రామ సంఘకాపరి శామ్యూల్ పారిస్ ఇంటిలో ఇద్దరు బాలికలకు వింత మూర్ఛలు వచ్చినవి. ఇది చిల్లంగి అను మాట పుట్టినది. పొలము గట్ల తగవులు, కాపరి జీతము గూర్చిన తగవులు అప్పటికే గ్రామమును చీల్చియున్నవి. అట్టి చోట అనుమానము వేగముగా ప్రాకినది.

రెబెక్కాకు అప్పుడు 71 సంవత్సరములు. జబ్బుతో మంచము పట్టియుండగా ఇరుగుపొరుగువారు చూడవచ్చిరి. ఆమె మొదట బాధపడుచున్న బాలికలను గూర్చియే విచారించినది. ఆమె పేరు కూడ చెప్పుచున్నారని వారు తెలుపగా, కొంతసేపు మౌనముగా ఉండి, ఈ విషయములో తాను ఇంకను పుట్టని శిశువువలె నిర్దోషినని చెప్పినది. అయినను ముసలితనములో ఇట్టి శ్రమ వచ్చుటకు తాను పశ్చాత్తాపపడని పాపము ఏమున్నదో అని తన్ను తానే ప్రశ్నించుకొన్నది.

మార్చి 24న అధికారులు ఆమెను విచారించిరి. ఆమె ఆకారము వచ్చి తమ్మును గిచ్చుచున్నదని, గొంతు నులుముచున్నదని బాలికలు కేకలు వేసిరి. ఆ ఆకారము వారికి తప్ప ఎవరికిని కనబడదు. కనబడని దానిని కాదని నిరూపించుట ఎవరి తరము? అయినను 39 మంది ఇరుగుపొరుగువారు ఆమె సత్ప్రవర్తనకు సాక్ష్యముగా సంతకములు చేసిరి. ఆమెపై ఫిర్యాదు చేసిన ఇద్దరిలో ఒకడైన జోనాతాన్ పట్నం సంతకము కూడ అందులో ఉన్నది. నిందితులను సమర్థించిన వారినే అనుమానించుచున్న దినములలో అది చిన్న ధైర్యము కాదు.

జూన్ నెలాఖరులో జ్యూరీ ఆమె నిర్దోషి అని తీర్పు చెప్పినది. వెంటనే బాలికలు గగ్గోలు పెట్టిరి. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్, ఆమె అన్న ఒక మాటను మరల ఆలోచించుడని జ్యూరీకి సూచించెను. ఒక ఖైదీ సాక్ష్యమునకు రాగా, ఈమె మాలో ఒకతె కదా అని రెబెక్కా అనియుండెను. దాని అర్థమేమని జ్యూరీ పెద్ద అడుగగా ఆమె బదులు పలుకలేదు. ఆమెకు చెవుడు, ప్రశ్న వినబడలేదు. తోటి ఖైదీ అనియే తన భావమని తరువాత వ్రాసి ఇచ్చినది గాని, అప్పటికే తీర్పు మారిపోయినది.

జూలై 3 ఆదివారము సేలం పట్టణ సంఘములో ప్రభురాత్రి భోజన సంస్కారము ముగిసిన పిమ్మట, పెద్దలు ఆమెను వెలివేయు ప్రతిపాదన తెచ్చిరి. సంఘము ఏకగ్రీవముగా సమ్మతించినది. ఆ మధ్యాహ్నము ఆమెను సంఘము ఎదుట నిలిపి బహిష్కరించిరి. జూలై 19న మరి నలుగురు స్త్రీలతో పాటు ఆమెను ఉరితీసిరి. సెప్టెంబరులో ఆమె చెల్లెలు మేరీ ఈస్టీకి అదే గతి పట్టినది. ఆ సంవత్సరము మొత్తము 19 మందిని ఉరితీసిరి. ఒక వృద్ధుని బరువుల క్రింద నలిపి చంపిరి. మరికొందరు చెరసాలలో మరణించిరి.

తరువాత కండ్లు తెరువబడినవి. 1697 జనవరి 14 ఉపవాస దినమున న్యాయమూర్తులలో ఒకరైన శామ్యూల్ స్యూవల్, తన ఒప్పుకోలు చదువబడుచుండగా బోస్టను ఆలయములో అందరి ఎదుట నిలుచుండెను. పండ్రెండుగురు జ్యూరీ సభ్యులు క్షమాపణ పత్రముపై సంతకము చేసిరి. నేరము మోపిన బాలికలలో ఒకతెయైన ఆన్ పట్నం 1706లో గ్రామ సంఘము ఎదుట నిలిచి, రెబెక్కా పేరు చెప్పి క్షమాపణ కోరినది. 1712లో ఆమె కుమారుడు శామ్యూల్ నర్సు మనవిపై సేలం సంఘము ఆ బహిష్కారమును రద్దుచేసి, పుస్తకములోనుండి కొట్టివేసినది. అప్పటికి ఆమె చనిపోయి ఇరువది ఏండ్లు. అయినను ఆ బిడ్డలకు అది కావలసియుండెను.

నేడు డాన్వర్స్ అని పిలువబడు ఆ గ్రామములో 1885లో ఆమెకు స్మారక శిల నెలకొల్పిరి. 1892లో ప్రక్కనే మరియొక శిల నాటిరి. దానిమీద ఆమె పక్షమున సాక్ష్యమిచ్చిన ఇరుగుపొరుగువారి పేర్లు చెక్కిరి.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. చేతబడి, బాణామతి అను అనుమానముతో మన తెలుగు పల్లెలలోను ఒంటరి ముసలివారిని కొట్టి చంపిన సంగతులు మనము విన్నవే. మన కమిటీ మినిట్సులో ‘ఏకగ్రీవముగా’ అను మాట తరచుగా వ్రాసికొందుము. సేలం సంఘము కూడ ఆ మాటే వ్రాసికొన్నది. ఆ దినమున లేవని ఒక్క చెయ్యి కొరకు ఇరువది ఏండ్లు వేచియుండవలసి వచ్చినది. మన పొరుగున ఎవరిమీదనైనను వ్రేలు చూపబడిన దినమున, ఆ 39 మందివలె మనము మన పేరు వ్రాయగలమా?