ముట్టడి ఆటలు - కాలముతో పోరాటము

హైదరాబాదు నగరమున అబిడ్స్ కూడలికిని నాంపల్లి రైలు స్టేషనుకును నడుమ దూరము రెండు కిలోమీటర్లకు మించదు. తీరికగా నడచినను అరగంటలో చేరవచ్చును. అబిడ్స్ నందలి ప్రధాన తపాలా కార్యాలయము ఉత్తరముల మూలమునను, 1907లో వెలసిన నాంపల్లి స్టేషను రైళ్ల మూలమునను దూరదేశములను దగ్గర చేసినవి. నేడు ఆ పనిలో ఎక్కువ పాలు చేతి ఫోనుకు దక్కినది. అట్టి ఫోనులకు అబిడ్స్ లోని జగదీష్ మార్కెట్టు పేరుపొందిన అంగడి.

అబిడ్స్ లో ఒక విద్యార్థియు, నాంపల్లిలో అతని మిత్రుడును తమ తమ ఇండ్లలో కూర్చుండి ఒకే తుపాకి ఆటను ఆడుచున్నారనుకొందము. ఆటను నడపు పెద్ద కంప్యూటరు, అనగా సర్వరు, ముంబయిలో ఉన్నదనుకొందము. అబిడ్స్ బాలుడు మీట నొక్కగానే ఆ వార్త సూటిగా నాంపల్లికి పోదు. సుమారు 620 కిలోమీటర్ల దూరమున నున్న ముంబయికి పోయి, అచ్చటినుండి తిరిగి వచ్చి నాంపల్లి చేరును. పక్క వీధిలోని మిత్రునికి కబురు చెప్పుటకు 1,240 కిలోమీటర్ల ప్రయాణము! ఇట్టి ఆటగాండ్లు ఆరుగురు ఒకే క్షణమున ఒకే పని చేయుట ఎట్లు సాధ్యమైనది? దీనికి సమాధానము తెలిసికొనవలెనన్నచో దూరము నుండి ఆడు ఆటల చరిత్రను ఒకసారి తిరుగవేయవలెను.

దూరము నుండి ఆడుట క్రొత్తది కాదు. చదరంగమును ఉత్తరముల ద్వారా ఆడుట పూర్వమునుండియు ఉన్నది. 1844లో మోర్సు తంతి మార్గము క్రొత్తగా వెలసినప్పుడు వాషింగ్టను, బాల్టిమోరు నగరముల వారు దానిపై చదరంగము ఆడిరి. 1897లో బ్రిటిషు కామన్సు సభ సభ్యులును, అమెరికా ప్రతినిధి సభ సభ్యులును సముద్రపు కేబులు ద్వారా ఆడిన పోటీ సమముగా ముగిసెను. అయితే చదరంగమున ఒకరి ఎత్తు పిమ్మట మరొకరి ఎత్తు. కబురు ఆలస్యమైనను ఆట చెడదు. అందరును ఒకేసారి కదలు ఆటలోనే అసలు చిక్కు మొదలగును.

ఆ చిక్కును మొదట ఎదుర్కొన్నవారిలో ఉన్నత పాఠశాల విద్యార్థులు ఉండుట గమనింపదగినది. 1973లో అమెరికాలోని నాసా ఏమ్స్ పరిశోధనాలయమున పని నేర్చుకొనుచున్న స్టీవ్ కోలీ, అతని తోటి విద్యార్థులు 'మేజ్ వార్' అను ఆటను నిర్మించిరి. నడవలవంటి ఒక చిక్కుదారిలో ఆటగాడు తన కన్నులతో చూచుచున్నట్లే తెరపై దృశ్యము కనబడును. ఎదుటివాడు కంటి గ్రుడ్డు ఆకారమున కనబడును. మొదట రెండు యంత్రములను తీగతో కలిపి ఆడిరి. 1974లో గ్రెగ్ థామ్సన్ దీనిని ఎమ్.ఐ.టి.కి తీసికొనిపోగా, అచ్చట ఎనిమిదిమంది వరకు కలసి ఆడు ఏర్పాటు జరిగెను. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు 'మడ్' అను ఆటను రూపొందించిరి. అందు బొమ్మలు లేవు, మాటలే. కాని పలువురు ఒకే కల్పిత లోకమున ఒకేసారి సంచరించుట దానితో బలపడెను.

1993 డిసెంబరులో వెలువడిన 'డూమ్' ఆటలో నలుగురు ఒకరితో నొకరు పోరాడవచ్చును, లేదా ఒకే జట్టుగా రాక్షసులను ఎదుర్కొనవచ్చును. దీనిలో కాలమును సెకనుకు 35 ముక్కలుగా విభజించిరి. ప్రతి ముక్కలోను ప్రతి యంత్రమును తన ఆటగాని ఆజ్ఞను మిగిలిన యంత్రములకు పంపును. అందరి ఆజ్ఞలును చేరిన పిమ్మటనే ఆట ఒక అడుగు ముందుకు సాగును. కవాతులో అందరును ఒకే అడుగు వేయుట వంటిది ఈ పద్ధతి. దీనివలన అన్ని తెరలపైనను ఒకే దృశ్యము తప్పక కనబడును. కాని ఒక్కని కబురు ఆలస్యమైనచో అందరును ఆగవలసినదే. ఒకే గదిలోని యంత్రములకు ఇది చక్కగా సరిపోయినది. టెలిఫోను తీగలపై దూరమునుండి ఆడువారికి మాత్రము దుర్భరమైనది.

1996లో జాన్ కార్మాక్ తన 'క్వేక్' ఆటను అంతర్జాలమునకు తగినట్లు మార్చినప్పుడు వేరొక మార్గము త్రొక్కెను. ఆటగాడు ముందుకు నడువుమని మీట నొక్కగానే అతని యంత్రము సర్వరు జవాబుకై వేచియుండదు. జవాబు ఇట్లుండునని ఊహించి వెంటనే నడిపించును. పిమ్మట సర్వరు చెప్పినది వేరైనచో తన లెక్కను దిద్దుకొనును. తరువాత 'హాఫ్ లైఫ్' ఆటను నిర్మించిన వాల్వ్ సంస్థవారు ఇంకొక అడుగు వేసిరి. గుండు ప్రేలినట్లు వార్త చేరగానే సర్వరు కాలమును వెనుకకు త్రిప్పి, కాల్చిన క్షణమున ఆ ఆటగాని తెరపై శత్రువు ఎచ్చట కనబడెనో అచ్చటనే లెక్క కట్టును. 2001లో యాన్ బెర్నియర్ ఈ పద్ధతిని వివరించెను. దీనిలోను ఒక లోపము కలదు. గోడ చాటునకు చేరితినని సంతోషించువాడు మరుక్షణమున పడిపోవచ్చును.

ఇంతవరకు యంత్రముల కథ. ఇక మనుష్యుల కథ. 'రెయిడ్' అనగా ముట్టడి. ఒక్కనికి అసాధ్యమగు దుర్గమును పలువురు కలసి జయించుట దీని సారము. 1999లో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్', 2004లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఈ పద్ధతిని వ్యాప్తికి తెచ్చినవి. రెండవదానిలో ఒక ముట్టడికి 40 మంది వరకు కావలసి వచ్చెడిది. వానిలో గురిచూచి కాల్చవలసిన పని లేదు గనుక స్వల్పమైన ఆలస్యమును సహింపవచ్చును. తుపాకి ఆటలోనికి ముట్టడిని తెచ్చుటయే కష్టము.

2014 సెప్టెంబరులో బంగీ సంస్థవారి 'డెస్టినీ' ఆటలో 'వాల్ట్ ఆఫ్ గ్లాస్' అను ముట్టడి వెలువడినప్పుడు ఆ కష్టము పరీక్షకు వచ్చినది. దీనికి ఆరుగురు కావలెను. చివరి ఘట్టమున శత్రువు ముగ్గురిని హఠాత్తుగా వేరొక కాలమునకు పంపివేయును. అచ్చట వారి కన్నులకు చీకట్లు క్రమ్ముచుండును. ఒకరు ఒక రక్షాకవచమును ధరించి తోడివారి చీకటిని తొలగింపవలెను. తక్కినవారు శత్రువులను కాల్చుచుండవలెను. ఆ సమయమున వెలుపలనున్న ముగ్గురు వారు తిరిగి వచ్చుటకు ద్వారమును తెరచి నిలుపవలెను. ఒక్కరు తడబడినను ఆరుగురును మొదటికి రావలసినదే. ఈ ముట్టడిని మొదట పూర్తిచేసిన 'ప్రైమ్‌గార్డ్' అను జట్టుకు సుమారు 10 గంటలు పట్టినది. అపరిచితులను తనంతట తానే జతపరచు ఏర్పాటును నిర్మాతలు ముట్టడికి కల్పింపలేదు. జట్టును ఆటగాండ్లే కూర్చుకొనవలెను.

దీనికై బంగీ వారు పనిని పంచిరి. ద్వారము తెరచుకొన్నదా, ఘట్టము ముగిసినదా అను పెద్ద విషయములను సంస్థవారి యంత్రము చూచును. కదలికల లెక్కను ఆటగాండ్లలో ఒకరి యంత్రము చూచును. అతడు మధ్యలో వెడలిపోయినచో ఆ భారము మరొకరి యంత్రమునకు మారును. అనగా ఆటగాండ్లవలెనే వారి యంత్రములును ఒక జట్టుగా పనిచేసినవి.

అయినను ఒక హద్దును ఏ నేర్పరియు దాటలేడు. గాజు తంతిలో కాంతి వేగము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదునుండి ముంబయికి పోయి వచ్చుటకు కాంతికే 6 మిల్లీసెకనులు పట్టును. సర్వరు 3,300 కిలోమీటర్ల దూరమున సింగపూరులో ఉన్నచో కనీసము 33 మిల్లీసెకనులు. తంతులు సూటిగా పోవు, నడుమ యంత్రములు ఆగి ఆగి పంపును. కనుక నిజమైన ఆలస్యము ఇంకను హెచ్చు. సర్వరు ఉన్న ఊరి బాలునికిని మన ఊరి బాలునికిని నేర్పు సమానమైనను పోటీ సమానము కాకపోవుటకు కారణమిదియే. కలసి ఆడు ముట్టడిలో ఈ అన్యాయము కొంత తగ్గును. ఎదుటి శత్రువు యంత్రమే గనుక ఒకరికి కలిగిన లాభము మరొకరికి నష్టము కాదు. ఆలస్యమున్నవానికి ద్వారము కాయు పని అప్పగించి జట్టు సర్దుకొనవచ్చును.

ఉపాధ్యాయులు దీనిని మైదానమున చూపవచ్చును. ఆరుగురిని దూరదూరముగా నిలిపి, కబుర్లన్నియు నడుమ నిలిచిన ఒక్క వార్తాహరుని ద్వారానే పంపుడని చెప్పి, అందరును ఒకేసారి చప్పట్లు కొట్టవలెనని నియమింపుడు. మొదట అందరి జవాబులకై ఆగి, పిమ్మట ఊహించి కొట్టి చూడుడు. మొదటిది 'డూమ్' పద్ధతి, రెండవది 'క్వేక్' పద్ధతి. కొంతసేపటికి పిల్లలు మూడవ పద్ధతిని తామే కనుగొందురు: "నేను పది లెక్కపెట్టి కొట్టుదును, నీవు ఎనిమిది లెక్కపెట్టి కొట్టుము."

గంటలకొలది తెర ముందు కూర్చుండుట చదువునకును కన్నులకును మేలు కాదు; అందుకై పెద్దలు మందలించుటయు న్యాయమే. కాని మందలించుటకు ముందు ఆ తెర వెనుక జరుగునది తెలిసియుండుట మేలు. అబిడ్స్ బాలుడు "ఇప్పుడు!" అనగానే నాంపల్లి బాలుడు మీట నొక్కుచున్నాడు. ఆ 'ఇప్పుడు' ఇద్దరికిని ఒకటి కాదు. ఒకటి కాని రెండు క్షణములను ఒకటిగా చేయుటకు నలువది సంవత్సరముల కృషి పట్టినది. మిగిలిన కొద్దిపాటి ఎడమును పూడ్చునది యంత్రము కాదు, తోడివాని కొరకు కాచుకొను ఓర్పే.