చక్రవర్తి లేని సంకలనం: ఫుజివారా నో తెయికా ఆస్థానజీవితం

1221లో విశ్రాంత చక్రవర్తి గో-తోబా కమకురా సైనిక ప్రభుత్వాన్ని కూలదోయబూని, కొద్ది వారాలలోనే ఓడి, ఓకి ద్వీపానికి ప్రవాసిగా వెళ్ళాడు. రాజకీయ చరిత్రకారులు దీనిని జోక్యూ యుద్ధమంటారు. సాహిత్యచరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ వేరొక ప్రశ్న ఎదురవుతుంది: ఓడిన ప్రభువు కవితల విషయంలో, ఆయన ఆదరణలో ఎదిగిన కవి ఎలా ప్రవర్తించాడు? ఆ కవి ఫుజివారా నో తెయికా (1162–1241).

తెయికా ఆస్థానప్రవేశం సులభంగా జరగలేదు. 1200లో గో-తోబా ఒక్కొక్క కవిని నూరేసి కవితలు సమర్పించమన్నప్పుడు తొలి జాబితాలో అతని పేరు లేదు. ఎనభై దాటిన తండ్రి షున్‌జెయి విజ్ఞప్తిపత్రం రాసి కుమారునికి చోటు సంపాదించాడు. మరుసటి ఏడే తెయికా 'షిన్ కొకిన్‌షూ' సంకలనకర్తలలో ఒకడయ్యాడు. సంకలనకర్తలు ఉన్నప్పటికీ ఎంపికలో తుదిమాట చక్రవర్తిదే. 1205లో సమాప్తి విందు జరిగింది; పూర్వాచారం లేని వేడుక అంటూ తెయికా దానికి వెళ్ళలేదు. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి గో-తోబా కవితలను తీసివేస్తూ, చేరుస్తూనే ఉన్నాడు. తెలుగు సాహిత్యంలోని 'కృతిభర్త' భావన ఈ సంబంధానికి చాలదు. ఇక్కడ ప్రభువు కృతిని స్వీకరించేవాడు మాత్రమే కాదు, కవితో పోటీపడే విమర్శకుడు కూడా.

ఇదే కాలంలో కమకురా నుండి మరొక బంధం ఏర్పడింది. మూడవ షోగన్ మినామోతో నో సనెతోమో తన కవితలను దిద్దుబాటుకు తెయికాకు పంపాడు. 1209లో తెయికా అతనికి కవిత్వరీతిపై ఒక లఘుగ్రంథం, 1213లో 'మన్‌యోషూ' ప్రతి పంపించాడు. సనెతోమో 1219లో ట్సురుగఒకా హచిమన్ దేవాలయ ప్రాంగణంలో సోదరుని కుమారుని చేతిలో హతుడయ్యాడు. ఆ మరుసటి ఏడే ఒక కవిత గో-తోబాకు ఆగ్రహం తెప్పించగా తెయికాకు ఆస్థాన కవితాగోష్ఠులలో ప్రవేశం నిషిద్ధమైంది. యుద్ధానికి ముందే దూరమైనందువల్ల ఓటమి అతనిని తాకలేదు. ఇది అదృష్టమే కాని, దూరదృష్టి అనడానికి ఆధారం లేదు.

1232లో చక్రవర్తి గో-హొరికవా కొత్త సంకలనాన్ని తెయికాకు ఒక్కనికే అప్పగించాడు. 1234లో ఆ చక్రవర్తి మరణించగా తెయికా తన చిత్తుప్రతిని తగులబెట్టాడు. వేరొక ప్రతి ఆధారంగా పని కొనసాగింది. అయితే కమకురా మనోభావాలను లెక్కించిన రాజప్రతినిధి వంశీయులు సుమారు నూరు కవితలను తొలగింపజేశారు. 1235లో పూర్తయిన 'షిన్ చొకుసెన్‌షూ'లో గో-తోబా కవిత ఒక్కటీ లేదు. హతుడైన షోగన్ సనెతోమోవి 25 ఉన్నాయి. యోధుల కవితలు ఎక్కువ కావడంతో, యోధులను తలపించే ఉజి నది పేరిట దీనికి 'ఉజి నదీ సంకలనం' అన్న ఎగతాళి పేరు పడింది. తెయికా తల ఒగ్గాడన్న మాట నిజమే. కాని తొలగింపుకు లోనైన ఆ కవితలను మొదట ఎంపిక చేసినవాడూ అతడే. ఈ రెండవ వాస్తవాన్ని విస్మరించి అతనిని అవకాశవాదిగా తీర్మానించడం తొందరపాటు.

ఓకిలో గో-తోబా ఊరక ఉండలేదు. 'షిన్ కొకిన్‌షూ' నుండి దాదాపు 400 కవితలను తీసివేసి తన సొంత పాఠాన్ని రూపొందించాడు. ఆయన పేరిట ఉన్న లక్షణగ్రంథం తెయికా ప్రతిభను మెచ్చుకుంటూనే, తన తీర్పే తీర్పనే అతని గర్వాన్ని తప్పుపడుతుంది. 1239లో ఆయన ఆ ద్వీపంలోనే మరణించాడు.

తెయికా పేరిట ప్రసిద్ధమైన 'హ్యకునిన్ ఇష్షు'లో నూరుగురు కవులకు తలా ఒక కవిత ఉంది. సనెతోమోది 93వ స్థానం, గో-తోబాది 99వ స్థానం. నూరవది ఆయన కుమారుడు, మరొక ప్రవాస చక్రవర్తి జున్‌తోకుది. ఇంచుమించు ఇదే కూర్పు గల 'హ్యకునిన్ షూకా'లో మాత్రం ఆ తండ్రీకొడుకులిద్దరూ లేరు.