తెల్లబియ్యం పల్లెకు వచ్చినవాళ్లు

బెంగళూరు శివాజీనగర్ బస్టాండులో దిగి రస్సెల్ మార్కెట్ వైపు నాలుగడుగులు వేస్తే చాలు, పూలబుట్టల మీదుగా ఆ శిఖరం కనిపిస్తుంది. బోర్డు మీద సెయింట్ మేరీస్ బసిలికా అని ఉంటుంది. బేల్దారి పనికి వచ్చిన మన కదిరి, ఆదోని జనానికి మాత్రం అది మరియమ్మ గుడి. 1974లో బసిలికా హోదా దక్కింది కాబట్టి 2024 దానికి స్వర్ణోత్సవ సంవత్సరం. కర్ణాటకలో ఆ గౌరవం ముందుగా అందుకున్న దేవాలయం ఇదే. హోదా గురించి ఇంతకు మించి చెప్పను. ఈ చోట మొదట మోకరిల్లింది ఎవరన్నదే నాకు ముఖ్యం.

వాళ్లు ఊరివాళ్లు కారు. తమిళదేశంలోని జింజి నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన రైతులు. ఇక్కడ వరి వేశారు. తెల్లబియ్యం పండే పల్లె కాబట్టి కన్నడంలో బిళి అక్కి పళ్లి అన్నారట. అదే తెల్లదొరల నోట పడి బ్లాక్‌పల్లి అయింది. తెలుపు కాస్తా నలుపైపోయిందన్నమాట!

ఆ రైతుల మధ్యకు వచ్చిన ఫ్రెంచి గురువు దుబ్వా కూడా పరదేశే. ఫ్రాన్సులో విప్లవం భగ్గుమంటున్న 1792లో గురుపట్టం పుచ్చుకుని ఓడెక్కాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక, చెల్లాచెదురైన మైసూరు క్రైస్తవులను కూడగట్టే పని ఆయన మీద పడింది. ఇక్కడివాళ్లలాగే బట్ట కట్టాడు, ఇక్కడి తిండి తిన్నాడు, మశూచికి టీకాలు వేయించాడు. బ్లాక్‌పల్లిలో గడ్డికప్పు కింద చిన్న ప్రార్థనాలయం వెలిసింది ఆయన చలవే. 1823లో స్వదేశం వెళ్లిపోయి, ఈ దేశస్థులను క్రైస్తవంలోకి తేవడం జరిగే పని కాదని పుస్తకమే అచ్చువేయించాడు. ఆయన పెదవి విరిచి వెళ్లినా, ఆ గడ్డికప్పు కింది జనం మాత్రం పెరుగుతూనే పోయారు.

పెరగడానికి కారణం కంటోన్మెంటు. 1809లో తెల్లవారి పటాలం శ్రీరంగపట్నం జ్వరాలకు జడిసి బెంగళూరుకు మారింది. దాని వెనకే సిపాయిలు, వంటవాళ్లు, బళ్లవాళ్లు, చిల్లర వర్తకులు వచ్చారు. అరవం, తెలుగు, ఉర్దూ ఒకే వీధిలో వినిపించడం అప్పుడే మొదలైంది.

ఇప్పుడున్న గోపురాల కట్టడం పని 1875లో మొదలై 1882లో ముగిసింది. ఈ తేదీలను పక్కన పెట్టుకుని చూడండి. నడుమ ఉన్నది 1876–78 కరువు. మైసూరు సీమలోనూ మన రాయలసీమలోనూ లక్షల మంది రాలిపోయిన కాలం. తిండి కోసం జనం బెంగళూరు దారి పట్టారు. తెలుగు మాట్లాడే కోలారులో మిస్ ఆన్‌స్టీ అనే ఇంగ్లీషామె ఆ కరువులోనే తల్లీతండ్రీ లేని పిల్లలను చేరదీసింది. కరువు కాలంలో అంత ఎత్తు గోపురం ఎందుకని అడగొచ్చు. అయితే రాయి మోసినవాళ్లకు కూలి ముట్టి ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వలస మన తెలుగు కాథలిక్కులకూ కొత్త కాదు. పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాల్లో 18వ శతాబ్దం తొలి ఏళ్లలో జ్ఞానస్నానం పొందినవారి సంతతే, కరువుకూ కలహాలకూ తాళలేక గుంటూరు సీమకు నడిచింది. మరికొందరు దక్షిణానికి, తమిళదేశంలోని కీలచ్చేరికి చేరారు. ఆ ఊళ్లలో ముందు గుడిసె వేశారో, గుడి వేశారో చెప్పడం కష్టం.

స్వర్ణోత్సవం దాటిన గుడి కదా అని అన్నీ తీపి మాటలే రాయకూడదు. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో బెంగళూరు విచారణల్లో పూజ కన్నడంలో జరగాలా, తమిళంలో జరగాలా అని విశ్వాసులే రెండు పక్షాలై వీధికెక్కారు. నిన్న వలస వచ్చినవాడే ఇవాళ ఇల్లు నాదంటాడు, నేలతల్లి బిడ్డ తన మాట వినపడటం లేదంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. బల్ల మీద కాస్త జరిగి చోటివ్వడం సులువే, పాటలో చోటివ్వడమే కష్టం. 2011 జనాభా లెక్కల్లో బెంగళూరు నగర జిల్లాలో నూటికి సుమారు 14 మంది తెలుగు మాతృభాషవారు. ఈ తగవులో వాళ్ల ఊసు ఎవరెత్తారు? ఊడ్చే చీపురు పట్టినవాళ్లలో, సిమెంటు తట్ట మోసేవాళ్లలో వాళ్లెందరో.

సెప్టెంబరు 8న మరియమాత పుట్టినరోజు పండుగకు మాత్రం ఏ భాషవారూ ఆగరు. నవదిన ప్రార్థనల పొడవునా కాషాయం కట్టిన భక్తులు, కొవ్వొత్తులు, తేరు. హిందువులూ ముస్లిములూ వరుసలో ఉంటారు. ఇక్కడ తల్లికి చీర కడతారు. ఓసారి ఆ వరుసలో నా ముందున్న పెద్దామె ఒడిలో ధర్మవరం చీర పొట్లం ఉంది. "కట్టేవాళ్లకు తెలుగొస్తుందా నాయనా? అంచు పైకి తిప్పకుండా కట్టమని చెప్పాల" అంది.