ఉభయకుశలోపరి

తెనాలి సమీపంలోని మా తాతగారి ఇంట్లో వసారా దూలానికి ఒక ఇనుప తీగ వ్రేలాడుతుండేది. వచ్చిన ఉత్తరాన్ని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించిన తరువాత ఆ తీగకు గ్రుచ్చటం ఆచారం. తాతగారు కాలం చేసిన కొన్నేళ్లకు, ఇల్లు ఖాళీ చేస్తూ ఆ తీగను దింపి చూచాను. అడుగున పోస్టుకార్డులు, వాటిపైన ఇన్‌లాండు ఉత్తరాలు, చిట్టచివర రెండు మూడు శుభలేఖలు. ఆపైన తీగ ఖాళీ. ఒక కుటుంబంలోని మూడు తరాలవారు ఒకరితో ఒకరు ఏ విధంగా మాట్లాడుకున్నారో ఆ తీగ చెబుతున్నదని నాకప్పుడు తోచింది.

ఉత్తరం సామాన్యుని చేతికి అందిన కాలం మరీ పాతది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలపాటు ప్రయాణం చేసి, చూచినవీ విన్నవీ ఎప్పటికప్పుడు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపారు. 1838లో వెలువడిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆ వ్రాతల ఫలమే. అయితే వీరాస్వామయ్యగారు చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. అంతటి చదువు, అంతటి వసతి ఆనాడు ఎందరికి ఉన్నవి? 1854లో, దూరంతో నిమిత్తం లేకుండా బరువును బట్టి రుసుము తీసుకొనే పద్ధతి వచ్చింది. 1879 జూలై 1వ తేదీన పావు అణా పోస్టుకార్డు వచ్చింది. బీదవానికి ఉత్తరం దక్కింది అప్పుడే. 1869 నుండి సొంత తపాలా బిళ్లలు వేసుకొన్న నైజాం రాష్ట్రపు తపాలా శాఖ 1950లో భారత తపాలాలో కలిసింది. ఇన్‌లాండు ఉత్తరం పుట్టినదీ ఆ సంవత్సరమే.

కార్డు మీద చోటు తక్కువ, దానిని చదివేవారు ఎక్కువ. అందువల్ల దానికొక కట్టుబాటు ఏర్పడింది. పెద్దలకైతే ‘మహారాజశ్రీ’ అనీ, ఆడపిల్లకైతే ‘చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి’ అనీ ప్రారంభం. వెంటనే ‘ఉభయకుశలోపరి’. ఇరుపక్షాల క్షేమం విచారించిన తరువాతనే తక్కిన మాట అని దాని భావం. శుభవార్త అయితే మూలలకు పసుపు. మరణవార్త అయితే ఆ ఉత్తరాన్ని ఇంట్లో దాచకుండా, చదివి చించివేసి, స్నానం చేసేవారు. తెరవకముందే ఉత్తరం సగం సంగతి చెప్పేది.

ఈ కట్టుబాటు మాటున ఎంత అణగి ఉండేదో ఆ తీగ మీది ఒక కార్డు వల్ల తెలిసింది. మా మేనత్తను విజయనగరం వైపు ఇచ్చారు. ఆమె వ్రాసిన కార్డులు నలభైవరకు ఉన్నవి. అన్నీ ఒకే తీరు: ‘ఇక్కడ మేమందరం క్షేమం, మీ క్షేమం తెలియజేయగలరు.’ అత్తవారింట ప్రతి కార్డూ ఎవరో ఒకరు చదివిన పిమ్మటనే తపాలా పెట్టెకు చేరేదట. ఒక కార్డులో మాత్రం, ‘అత్తగారు, మామగారు, మరదులు క్షేమం’ అని ఉన్నది. నేను పుట్టకముందు సంగతి. నాయనమ్మ చెప్పగా విన్నాను. తాతగారు ఆ కార్డును రెండుసార్లు చదివి, ‘అందరి క్షేమమూ వ్రాసింది, తన క్షేమం వ్రాయలేదు’ అని ఆ రాత్రి బండికే బయలుదేరి వెళ్లారట. అక్కడ మా అత్త నెలరోజులుగా జ్వరంతో మంచాన ఉన్నది.

ఆ కాలపు ఉత్తరాలను తలచుకొని నిట్టూర్చేవారికి నేను ఈ కథ చెబుతుంటాను. తాతగారు గ్రహించారు కనుక సరిపోయింది. గ్రహించేవారు లేని కార్డులు ఎన్ని ఇళ్ల తీగలకు గ్రుచ్చబడి ఉన్నవో కదా!

తరువాతి కథ త్వరత్వరగా నడిచింది. 1855లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తంతి, పల్లెలో అడుగుపెడితే విప్పకముందే ఏడుపులు వినబడేవి. 2013 జూలైలో అది కాలగర్భంలో కలిసింది. ట్రంకుకాలుకు తపాలా కచేరీలో గంటల తరబడి కాచుకొన్నవారు శ్రోతలలో ఇంకా ఉన్నారు. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య నేరుగా అంకెలు త్రిప్పి మాట్లాడే సౌకర్యం మొదలైంది. ఆపైన వీధివీధినా ఎస్.టి.డి. బూతులు వెలిశాయి, మీటరులో పరుగెత్తే అంకెలను చూస్తూ క్షేమసమాచారాలు ముగించేవాళ్లం. గల్ఫుకు వెళ్లినవారు తమ గొంతును క్యాసెట్టులో నింపి ఇంటికి పంపేవారు. చదువురాని తల్లికి కొడుకు మాట ఎవరి నోటి మీదుగానూ కాక, నేరుగా చెవికి చేరింది. 1995 జూలై 31న జ్యోతిబసుగారు కలకత్తా నుండి ఢిల్లీలోని సుఖ్‌రాంగారితో సెల్‌ఫోనులో మాట్లాడారు. దేశంలో అది మొదటి పిలుపు. అనతికాలంలోనే ఫోను ప్రతివారి చేతికీ వచ్చింది.

ఇన్ని మార్పులలోనూ అసలైన మార్పు వేగం కాదని నా అభిప్రాయం. ఉత్తరం ఇంటికి వచ్చేది. ఫోను మనిషికి వస్తున్నది. పెద్దతరం వారు పదిమంది వినేటట్లు మాట్లాడటం నేర్చారు, అందువల్ల మనసులోది దాచటమూ నేర్చారు. చిన్నతరం వారు తమవారితో చాటుగా, స్వేచ్ఛగా చెప్పుకోగలుగుతున్నారు. ఇది చిన్న లాభం కాదు. మా అత్తకు ఇప్పుడు ఎనభై దాటినవి. ‘ఆనాడు నా చేతిలో ఈ ఫోను ఉంటే ఆ నెలరోజులు పడి ఉండేదాన్నా?’ అని ఆమే అంటుంది.

అయితే ఆమె తండ్రి వద్ద నేర్చినది మరచిపోలేదు. మనుమరాలు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నది. ప్రతి ఆదివారం ఫోనులో ముఖం చూపి మాట్లాడుతుంది. మొన్న నేను వెళ్లినప్పుడు ఆ పిల్ల పావుగంటసేపు ఆఫీసు సంగతులు, స్నేహితుల సంగతులు, అక్కడి చలి, అన్నీ గడగడా చెప్పింది. అత్త అంతా విని, కళ్లజోడు సవరించుకొని, ఫోనును దగ్గరగా పెట్టుకొని అడిగింది:

‘అందరి సంగతులూ చెప్పావు తల్లీ. నీ సంగతి చెప్పలేదేం?’

ఆ పిల్ల కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చెప్పటం మొదలుపెట్టింది. నేను లేచి వసారాలోకి వచ్చేశాను.